18 అంగుళాల చక్రాల కోసం సిప్ ఆపవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నెలకు 82,000 రూపాయలు చేతికి వస్తుంది. అందులో కారు అప్పు వాయిదా 21,000, ఆరేళ్ల పాప చదువు కోసం సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు) 10,000 పోతాయి. మా టర్బో పెట్రోల్ సెడాన్‌కు కంపెనీ ఇచ్చిన 205/55 ఆర్16 టైర్లు 38,000 కిలోమీటర్లు తిరిగి అరిగిపోయాయి. వాటి స్థానంలో 18 అంగుళాల అలాయ్ చక్రాలు (84,000), వాటికి 225/40 ఆర్18 టైర్లు (64,000) వేయించాలని ఉంది. చలికాలంలో దేవమాలి, దారింగబాడి కొండలకు వెళ్తుంటాం కనుక, జర్మనీలో ఉన్న మా బావమరిది సలహా మీద పాత చక్రాలకు శీతాకాలపు టైర్లు (72,000) కూడా తెప్పించుకుందామనుకుంటున్నాను. మొత్తం 2,20,000 రూపాయలను క్రెడిట్ కార్డుపై 15 శాతం వడ్డీకి 24 నెలల వాయిదాలుగా మార్చుకుని, అంతకాలం సిప్ ఆపవచ్చా?

సమాధానం: ఆపవద్దనే నా సలహా. మీరు అనుకుంటున్న ఖర్చులో దాదాపు మూడో వంతు మన వాతావరణానికి పనికిరాని వస్తువు మీద పోతోంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం రోడ్డును పట్టుకునే రబ్బరుకు కాకుండా దాన్ని మోసే లోహానికి పోతోంది. అందుకే అప్పు లెక్కకంటే ముందు టైర్ల సంగతే కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

మీ బావమరిది తన ఊరికి సరిపోయే మాటే చెప్పారు. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో గట్టిపడి పట్టు కోల్పోతుంది. శీతాకాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతుంది, దాని మీద ఉండే సన్నని చీలికలు మంచును పట్టుకుంటాయి. జర్మనీలో రోడ్డు మీద మంచు, గడ్డకట్టిన నీరు ఉన్నప్పుడు అలాంటి టైర్లు ఉండి తీరాలి. 2024 అక్టోబరు నుంచి, పర్వతం లోపల మంచు రేకు గుర్తు ఉన్నవాటినే అక్కడ చెల్లుబాటుగా పరిగణిస్తున్నారు. మనకు దేవమాలి శిఖరం మీద, అంటే 1,672 మీటర్ల ఎత్తున, తెల్లవారుజామున ఎంత చలి వేసినా పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది. లక్ష్మీపూర్, కోరాపుట్ మీదుగా వెళ్లే దారిలో అసలు ఇబ్బంది పొగమంచు, తడిసిన మలుపులు, లోడు లారీలే తప్ప గడ్డకట్టిన రోడ్డు కాదు. ఆ మెత్తని రబ్బరును మన ఎండలో నడిపితే త్వరగా అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు కారు ఆగే దూరం కూడా పెరుగుతుంది. పైగా 2020 జూన్ నుంచి కార్ల కొత్త టైర్ల దిగుమతి ప్రభుత్వ అనుమతికి లోబడి ఉంది, మన దేశంలో అమ్మే టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఎవరో తెప్పించి ఇస్తానన్న టైరు మీద ఆ గుర్తు లేకపోతే 72,000 రూపాయలు ఇచ్చి వారంటీ లేని సరుకు కొన్నట్టే.

ఇంకొక సంగతి గమనించండి. మంచు కురిసే దేశాల్లో ఎండాకాలం 18 అంగుళాల చక్రాలతో తిరిగే స్పోర్టీ కార్లకు కూడా, బ్రేకులకు తగలనంతవరకు, చలికాలానికి 16 లేదా 17 అంగుళాల చిన్న చక్రాలే ఎక్కించడం వాడుక. వెడల్పు తక్కువైన టైరు మంచును చీల్చుకుని కింది నేలను అందుకుంటుంది, ఎత్తైన సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మంచు కింద దాగిన గుంతల దెబ్బను తట్టుకుంటుంది. మంచు లేకపోయినా గుంతలు ఉన్న మనకు ఆ రెండో కారణం అక్షరాలా వర్తిస్తుంది.

ఇప్పుడు కొలతలు చూద్దాం. 205/55 ఆర్16 అంటే టైరు వెడల్పు 205 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు అని. మీ 205/55 ఆర్16 టైరు మొత్తం వ్యాసం సుమారు 632 మి.మీ., 225/40 ఆర్18 టైరుది 637 మి.మీ. తేడా ఒక శాతం లోపే కనుక స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. మీకు ఆ కొలత చెప్పినవారు ఈ లెక్క చూసే చెప్పి ఉంటారు. కానీ సైడ్‌వాల్ ఎత్తు దాదాపు 113 మి.మీ. నుంచి 90 మి.మీ.కు దిగుతుంది. వర్షాకాలం తర్వాత మన రోడ్ల అంచులు మీకు తెలుసు. అక్కడ టైరు తినవలసిన దెబ్బను రిమ్ తింటుంది, వంగిన రిమ్ ఒక్కటి మార్చినా ఒక నెల కారు వాయిదాకు సమానమైన ఖర్చు తగులుతుంది. సాధారణ సమగ్ర బీమాలో టైరు ఒక్కటే పాడైతే పరిహారం రాదు. కారుకు కూడా అదే ప్రమాదంలో నష్టం జరిగితేనే, అదీ టైరు మార్పిడి ఖర్చులో సగం వరకే ఇస్తారు. బయట కొన్న అలాయ్ చక్రాల గురించి బీమా సంస్థకు ముందుగా తెలియజేసి ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పును నమోదు చేసిన పత్రం) తీసుకోకపోతే వాటికి పరిహారం అడగడమూ కష్టమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను గట్టిగానే సమర్థించింది. కాబట్టి మీ మోడల్‌లో ఏ రకానికైనా కంపెనీ 18 అంగుళాలు ఇచ్చిందో లేదో కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో (ఓనర్స్ మాన్యువల్) చూడండి.

డబ్బు లెక్కకు వస్తే, 2,20,000 రూపాయలకు మీ నెలవారీ వాయిదా సుమారు 10,670 అవుతుంది. రెండేళ్లలో వడ్డీ 36,000, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 6,500. అంటే 42,500 రూపాయలు టైరుగానూ చక్రంగానూ కాక ఊరికే పోతాయి, దాంతో మీ కారుకు అసలు కొలతలో నాలుగు మంచి టైర్లు వస్తాయి. సిప్ ఆపడం వల్ల కలిగే నష్టం ఇంతకంటే పెద్దది. ఆ 24 నెలల 10,000 రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, పాపకు 18 ఏళ్లు వచ్చేసరికి సుమారు 7 లక్షలు అవుతాయి. 10 శాతం అనేది నేను లెక్క కోసం తీసుకున్న అంచనా మాత్రమే, మార్కెట్ హామీ కాదు. అయినా కాలేజీ ఫీజు కట్టవలసిన సంవత్సరం మాత్రం వాయిదా పడదు, అందుకే ఈ విషయంలో నేను ఇంత పట్టుబడుతున్నాను.

కాబట్టి 205/55 ఆర్16 కొలతలోనే, తడి రోడ్డు మీద బాగా పట్టుండే టైర్లు నాలుగూ ఒకేసారి కొనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక పాత ధరల పట్టిక చూపిస్తే ఒప్పుకోవద్దు. పాత టైరు మీద 91వి అని ఉంటే కొత్తదాని మీద లోడ్ సంఖ్య 91కి తగ్గకూడదు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు అని అర్థం. సైడ్‌వాల్ మీది నాలుగంకెల తయారీ ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఆరు నెలలు దాటిన సరుకును నేనైతే తిప్పి పంపుతాను. ఈ ఖర్చును దసరా బోనస్ నుంచి గానీ బ్యాంకు నిల్వ నుంచి గానీ ఇవ్వండి, వాయిదాల జోలికి వెళ్లకండి. డిసెంబరు ప్రయాణానికి ముందు చల్లని టైర్లలో గాలి చూసుకోండి: ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడు గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) తగ్గుతుంది. స్టెప్నీలోనూ చూడండి.

కారు అందంగా, చురుగ్గా కనబడాలన్న మీ కోరికను నేను తక్కువగా చూడడం లేదు. దాని కోసం నెలకు 3,500 రూపాయల రికరింగ్ డిపాజిట్ విడిగా తెరవండి. రెండేళ్లలో అసలే 84,000 అవుతుంది. అప్పటికీ మనసు అటే ఉంటే, 17 అంగుళాల రిమ్‌కు 225/45 టైరు వేస్తే వ్యాసం 634 మి.మీ., సైడ్‌వాల్ 101 మి.మీ. ఉంటుంది. కంపెనీ ఆ కొలతను అనుమతించిందని సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకుని, బీమా సంస్థ నుంచి ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.