బొమ్మల కింద మంచు వేసే పిల్లాడికి ఏ దారి?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. పుస్తకం మూస్తే చాలు, మినియేచర్ (చిట్టి నమూనా) బొమ్మలు నిలబడే బేస్‌ల మీద ఉత్తుత్తి మంచు వేస్తూ కూర్చుంటాడు. వంటసోడా, తెల్లజిగురు కలిపి వేసిన మంచు పచ్చబడిందని ఇప్పుడు దిగులు. చదువు పాడవుతోందని ఆ డబ్బాలన్నీ పారేస్తానన్నాను. ఇందులో బతుకుతెరువు ఉందా, లేక సినిమాలకు కంప్యూటర్‌లో దృశ్యాలు కల్పించే వీఎఫ్‌ఎక్స్ కోర్సులో చేర్పించాలా?

జవాబు: అమ్మా, మీరడిగింది రెండు దారుల్లో ఏది మేలని. అడగకుండా అడిగింది, వీడు చెడిపోతున్నాడా అని. లేదమ్మా. చేసిన పని ఎందుకు పాడైందా అని దిగులుపడే పిల్లవాడు చెడిపోతున్నట్టు కాదు.

ముందు అతని దిగులు తీరుద్దాం. వంటసోడా తడి జిగురులో కొంత కరుగుతుంది. ఆరాక గరుకుగా గడ్డకట్టి, రానురాను పచ్చబడుతుంది. దాని బదులు మైక్రోబెలూన్లు, అంటే సన్నటి గాజు బుడగల పొడి వాడమనండి. తెల్లజిగురు ఒక వంతు, తెల్ల యాక్రిలిక్ రంగు ఒక వంతు, నీళ్లు అర వంతు కలిపి, పుల్ల నిలబెడితే మెల్లగా ఒరిగేంత చిక్కబడే దాకా పొడి వేయాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి మాస్కు తప్పనిసరి. ఆ విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి.

పేస్టునే మందంగా పోస్తే నీరు ఆరేకొద్దీ కుంగి పగుళ్లిస్తుంది. గుట్టలను ఫోమ్‌తో ముందే చెక్కి, మట్టిరంగు వేసి ఆరనిచ్చి, పైన 1 నుంచి 2 మి.మీ. పొర చాలు. తడి ఉండగానే సన్నటి జల్లెడతో పొడి చల్లాలి. అడుగుజాడలు పైన పొర కట్టాకే నొక్కాలి. లేకపోతే పేస్టు అచ్చుకు అంటుకుని లేచివస్తుంది. మెరుపునిచ్చే వార్నిష్ (గ్లాసీ వార్నిష్) మంచు కరిగే అంచుల్లోనే వేయాలి, అంతటా పూస్తే ప్లాస్టిక్‌లా మెరుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం స్కేలు, అంటే అసలు వస్తువులో బొమ్మ ఎన్నో వంతు అన్నది. 1/35 అంటే 35వ వంతు. 10 సెం.మీ. మంచు 1/35లో దాదాపు 3 మి.మీ., 1/72లో 1.5 మి.మీ. కూడా ఉండదు. 1/35లో 0.5 మి.మీ. గింజ కనిపించిందంటే అది 17.5 మి.మీ. వడగల్లు! గాలి ఏ వైపు నుంచి వీచింది, ఏ రాయి చాటున మంచు చేరింది, చెట్టు కింద ఎందుకు పలచగా ఉంది అన్నవి తేల్చుకున్నాకే చేయి కదపాలి.

ఈ చూపే అతని ఆస్తి. వీఎఫ్‌ఎక్స్ మీద నా అనుమానమూ ఇక్కడే. చాలా కోర్సులు సాఫ్ట్‌వేర్ మీటలు నేర్పుతాయి. ఆ మీటలు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి, కొన్ని పనులు యంత్రమే చేసేస్తోంది. ఉద్యోగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండొచ్చు. గడువు దగ్గరపడితే రాత్రీ పగలూ ఉండదు. మంచు ఎలా పేరుకుంటుందో చూడని వాడికి కంప్యూటర్ మంచు వేసిపెట్టినా, అందులో తప్పు పట్టుకోవడం చేతకాదు. పోస్టర్లు చూసి ఫీజు కట్టకండి.

చేతిపనిలో ఆర్కిటెక్చర్ మోడళ్లు, మ్యూజియం డయోరామాలు (చిట్టి దృశ్య నమూనాలు), బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఫొటోలు తీసి చేసే స్టాప్‌మోషన్ సినిమాల సెట్లు, గేమ్ మినియేచర్లు ఉన్నాయి. చిన్న రంగం, ఖాళీలు తక్కువ, ఎక్కువమంది సొంతంగా పని వెతుక్కోవాల్సిందే. అందుకే డిగ్రీ మానొద్దు. ఆర్కిటెక్చర్, ప్రొడక్ట్ డిజైన్ లాంటి చదువుల్లో ఈ చేయి వృథా పోదు.

డబ్బాలు పారేస్తాననడం మాత్రం తప్పమ్మా. చదువుకు వేళలు పెట్టండి, బల్ల జోలికి వెళ్లకండి. మీ భయాన్ని పిల్లాడి చేతుల మీద తీర్చుకోకూడదు.

వచ్చే 6 నెలల్లో 3 బేస్‌లు చేయమనండి: తాజా మంచు, కరుగుతున్న మంచు, గడ్డకట్టిన నీరు. ప్రతిదాన్నీ పక్కన స్కేలుబద్ద పెట్టి ఫొటో తీసి, కొలతలు, పొరపాట్లు కింద రాయాలి. వాటిలో ఒకదాన్ని ఉచితంగా దొరికే బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేయమనండి. ఏ పని దగ్గర తిండి సంగతి మరిచిపోయాడో మీరు గమనించి నాకు రాయండి, కోర్సు మాట అప్పుడు మాట్లాడుకుందాం.