కలబంద మొదలు మెత్తబడుతోందా? ముందు నీళ్లు ఆపండి

ఈసారి విశాఖ వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు కలబంద మీదే. బాల్కనీలో ఒక్క కుండీ ఉన్నవాళ్లూ రాశారు, పొలంలో వేద్దామనుకుంటున్నవాళ్లూ రాశారు. ఇద్దరికీ ఒకే జవాబు కుదరదు కాబట్టి విడివిడిగా చెప్తున్నాం.

ప్రశ్న: బాల్కనీలో కలబందకి రోజూ నీళ్లు పోస్తున్నాను, వారానికి రెండుసార్లు జీవామృతం కూడా ఇస్తున్నాను. అయినా మట్టలు పల్చబడి, మొదట్లో గోధుమరంగుకి తిరిగి మెత్తబడుతున్నాయి. బలం చాలట్లేదా? ఇంకేం ఎరువు వెయ్యాలి?
– ఒక పాఠకురాలు, మధురవాడ

ఇంకేమీ వెయ్యకండమ్మా. మొదలు మెత్తబడిందంటే వేరుకి ఊపిరాడట్లేదని అర్థం. కలబంద పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుచుకునే మొక్క, అందుకే అది తాగే నీళ్లు చాలా తక్కువ. దానికి తోడు మన విశాఖ గాలిలో ఎప్పుడూ చెమ్మే, కుండీ మట్టి ఓ పట్టాన ఆరదు. అలాంటి తడి మట్టిలో మళ్లీ పేడ, గోమూత్రం, బెల్లం, పిండి నీళ్లలో పులియబెట్టి చేసే జీవామృతం పోస్తే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి మట్టిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ వాడేసుకుంటాయి. ఇక వేరుకుళ్లు తెచ్చే బూజుకి పండగే.

మొక్కని కుండీలోంచి తీసి వేర్లు చూడండి. బాగున్న వేరు తెల్లగానో లేత పసుపుగానో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్లినదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే పై తొక్క జారిపోయి లోపలి సన్నటి పీచు మాత్రం చేతికొస్తుంది, వాసన కూడా తెలుస్తుంది. కుళ్లిన వేర్లూ మెత్తబడ్డ మట్టలూ శుభ్రమైన కత్తితో కోసేసి, కోసినచోటు ఆరేదాకా రెండు మూడు రోజులు మొక్కని నీడలో వదిలెయ్యండి, చచ్చిపోతుందని టెన్షన్ అక్కర్లేదు. తర్వాత రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు పాత వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి, ఒక చెంచా ట్రైకోడెర్మా విరిడి (వేరుకుళ్లు బూజుని అణిచే మేలు బూజు) పొడి కలిపి అందులో నాటండి. ఇసుక అన్నాం కదా అని ఆర్కే బీచ్ నుంచి కవర్లో తెచ్చుకోకండి, అందులో ఉప్పు ఉంటుంది. నాటాక వారం దాకా నీళ్లు వద్దు. ఆ తర్వాత కూడా వేలు మట్టిలో రెండు కణుపులు దించి చూసి, పొడిగా తగిలితేనే పొయ్యండి. జీవామృతం నెలకోసారి, వడగట్టి, పదింతల నీళ్లు కలిపి ఇస్తే కుండీకి చాలు.

ప్రశ్న: అర ఎకరం ఎర్ర నేలలో రసాయనాలు లేకుండా కలబంద వేద్దామనుకుంటున్నాను. గత్తం (పశువుల ఎరువు) ఎంత తోలాలి? జీవన ఎరువుల్లో అజోస్పైరిల్లమ్ (గాలిలోని నత్రజనిని పట్టిచ్చే సూక్ష్మజీవి), పీఎస్‌బీ (భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవి) ఎంత, ఎలా వెయ్యాలి?
– ఒక రైతు, ఆనందపురం

ఎరువు కన్నా ముందు నీరు ఎటు పోతుందో చూసుకోండి. మనకి అక్టోబరులో తుపాను వానలు మామూలే, 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే. పొలంలో రెండు రోజులు నీరు నిలిస్తే మీరు ఎన్ని జీవన ఎరువుల ప్యాకెట్లు కలిపినా పిలక నిలబడదు. అందుకే బోదెలు తోలి, బోదె మీద నాటండి. జూన్, జూలైల్లో నాటితే పెద్ద వానల నాటికి వేరు పట్టుకుంటుంది.

అర ఎకరానికి రెండు టన్నుల గత్తం సరిపోతుంది, కానీ బాగా చివికినదై ఉండాలి. చేతిలోకి తీసుకుంటే నల్లగా పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు, కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు. పచ్చి పేడ తోలారంటే దాని వేడికి లేత వేరు మాడుతుంది, పైగా వేరుపురుగుని మనమే పిలిచినట్టు. పిలకలు రెండడుగులకి ఒకటి చొప్పున అటూ ఇటూ నాటితే అర ఎకరానికి 5,400 దాకా పడతాయి. నాలుగైదు ఆకులున్నవి తీసుకోండి.

అజోస్పైరిల్లమ్ ఒక కిలో, పీఎస్‌బీ ఒక కిలో యాభై కిలోల చివికిన గత్తంలో కలిపి, తడి చల్లి, గోనెపట్టా కప్పి వారం రోజులు నీడలో ఉంచి, సాయంత్రం పూట నాటే గుంటల్లో వెయ్యండి. ట్రైకోడెర్మాకి కుప్ప వేరుగా పెట్టుకోవాలి: రెండు కిలోల పొడికి తొంభై కిలోల గత్తం, పది కిలోల వేపపిండి. వారం పది రోజులకి కుప్ప మీద తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కనిపిస్తే అది బాగా పెరిగినట్టే, పాడైపోయిందని పారబోయకండి.

వీటి మీద ఆశ కూడా లెక్కలో ఉండాలి. యూరియా చల్లినట్టు మర్నాటికి పచ్చబడదు. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టి ఉంచుతాయి, పీఎస్‌బీ అందులో కొంత విడిపించి వేరుకి అందిస్తుంది, అంతే. నేలలో లేనిదాన్ని అది పుట్టించలేదు. గత్తం లేకుండా ఉత్తి ప్యాకెట్ల మీద డబ్బు పెట్టడం దండగ అని మా అభిప్రాయం, ఎందుకంటే ఆ సూక్ష్మజీవులకి కూడా తిండి కావాలి కదా. ఏటా వానల ముందు మళ్లీ కాస్త గత్తం, జీవన ఎరువులు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. జీవామృతానికి అనకాపల్లి మేలురకం బెల్లం కొనక్కర్లేదు, రంగు చెడిన నల్లబెల్లం చాలు.

ప్రశ్న: కొన్న జీవన ఎరువు సగం మిగిలింది. వచ్చే ఏడాదికి దాచుకోవచ్చా? బోర్డో మిశ్రమంతో కలిపి పోస్తే పని ఒకేసారి అయిపోతుంది కదా?
– పెందుర్తి

రెండూ వద్దు. ప్యాకెట్లో ఉన్నవి బతికున్న జీవులు, పెరుగు తోడు లాంటివి, మరిగే పాలల్లో వేస్తే ఏమవుతుందో తెలుసుగా. బోర్డో అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ల మందు, అందులోని రాగి వాటిని చంపేస్తుంది. గడువు తేదీ చూసి, ఎండ తగలని చల్లటి చోట పెట్టి, ఈ సీజన్‌లోనే వాడెయ్యండి. కొనేటప్పుడు కూడా షాపువాడు బయట ఎండలో పేర్చిన డబ్బా ఇస్తే తీసుకోకండి.

ప్రశ్న: పిలకలు వాళ్లే ఇస్తారట, పంట కూడా వాళ్లే కొంటారట, ఎకరం వెయ్యమంటున్నారు. నమ్మొచ్చా?
– పద్మనాభం

పిలక ధర చూడండి ముందు. కలబంద తనంతట తనే పక్కన పిలకలు పెడుతూ పోయే మొక్క, దానికి భారీ రేటు చెప్తున్నారంటే వాళ్ల వ్యాపారం పిలకలదే, మట్టలది కాదు. కోసిన మట్ట ఎక్కువ రోజులు నిలవ ఉండదు, జిగురు పల్చబడిపోతుంది. కాబట్టి దగ్గర్లో నిజంగా మట్టలు తీసుకునే యూనిట్ ఎక్కడుంది, కిలోకి ఎంతిస్తుంది, రవాణా ఎవరిది, ఇవి కాగితం మీద రాసిస్తేనే ముందుకెళ్లండి. పంట చేతికి రావడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది, అప్పుడు ఫోన్ ఎత్తకపోతే మీరేం చేస్తారు? ముందు పది సెంట్లలో వేసి చూసుకోండి, పిలకలు అవే పెరుగుతాయి.

ప్రశ్న: జీవామృతం పోసిన కలబంద మట్ట ముఖానికి రాసుకోవచ్చా? జ్యూస్ తాగొచ్చా?
– గాజువాక

జీవామృతంలో పేడ ఉంటుంది కాబట్టి మొదట్లోనే పొయ్యండి, మట్టల మీద పడనివ్వకండి. మట్టని బాగా కడిగి, కోసిన వైపు కిందికి పెట్టి కాసేపు నిలబెట్టండి. పసుపుపచ్చటి చేదు పాలు కారిపోతాయి, అదంతా పోయాకే తొక్క తీసి లోపలి గుజ్జు వాడాలి. ముందు మోచేతి లోపల రాసి, దురద లేకపోతే ముఖానికి. తాగడం మాత్రం ఇంటి గుజ్జుతో వద్దు, ఆ పసుపు పాలు ఏమాత్రం కలిసినా విరేచనాలు పట్టుకుంటాయి. గర్భిణులు, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా బయట కొన్న జ్యూస్ కూడా తాగొద్దు.