చెరువులో దొరికింది కొత్త జాతేనా? ముందు మగదాన్ని వెతకండి

నెల్లూరు దగ్గర చెరువులో ప్లాంక్టన్ నెట్ (నీటిలో తేలే చిన్న జీవుల్ని పట్టే సన్న కన్నుల వల) లాగితే మిల్లీమీటరు పొడవున పొడుగు మీసాల జీవి దొరికిందనీ, పుస్తకంలోని ఏ బొమ్మతోనూ కలవడం లేదనీ, కొత్త జాతిగా పేరు పెట్టాలంటే ఏం చేయాలనీ అడిగారు. మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి అది డయాప్టమిడ్ కోపెపాడ్, అంటే రొయ్యలకు, పీతలకు బంధువులైన చిన్న నీటి జీవుల్లో ఒక కుటుంబానిది.

బొమ్మతో కలవకపోతే ముందు అనుమానించాల్సింది అది పిల్లేమోనని. కోపెపాడ్ ఆరు నాప్లియస్ (గుడ్డులోంచి వచ్చిన పిల్ల) దశలు, ఐదు కోపెపోడిడ్ (ఎదిగే పిల్ల) దశలు దాటాకే పెద్దదవుతుంది. ఐదో కోపెపోడిడ్ చూపుకు పెద్దదానిలాగే ఉంటుంది గానీ కాళ్ల కణుపులూ పొత్తికడుపు కణుపులూ ఇంకా పూర్తిగా ఏర్పడవు. గుడ్ల సంచి మోస్తున్న ఆడది కచ్చితంగా పెద్దదే. మగదాన్ని పట్టడం ఇంకా తేలిక: కుడి మీసం మధ్యలో ఉబ్బి, మడత బందులా వంగుతుంది. డయాప్టమిడ్లలో జాతిని తేల్చేది ముఖ్యంగా మగదాని ఐదో కాళ్ల జత. ఒక్క ఆడదాన్ని చేతిలో పెట్టుకుని కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. రెండు లింగాలవీ కలిపి పది పన్నెండైనా ఉండాలి.

నిల్వ దగ్గరే సగం శాంపిళ్లు పాడవుతాయి. అంగట్లో దొరికే ఫార్మాలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపితే కోయడానికి బాగుంటుంది, కానీ డీఎన్ఏ పనికి పోయినట్టే. కాబట్టి శాంపిల్‌ని రెండు సీసాల్లో పెట్టండి. రెండో దానిలో నీరంతా వడగట్టి 95 శాతం ఇథనాల్ పోసి, మర్నాడు దాన్ని పారబోసి కొత్తది పోయాలి. జీవుల్లోని నీరు దిగి స్పిరిట్ పలచబడుతుంది మరి. అదే వలలో పడే రెండు చిప్పల ఆస్ట్రకాడ్లను (ఇవీ రొయ్యల బంధువులే) ఫార్మాలిన్‌లో ఉంచితే చిప్పల్లో సున్నం కరిగిపోతుంది, వాటికి ఆల్కహాలే. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కొట్టుకుపోతుంది.

ఇక కోత. ఆల్కహాల్లోంచి తీసి నేరుగా గ్లిజరిన్‌లో వేస్తే జీవి ఎండు ద్రాక్షలా ముడుచుకుపోతుంది. పలచటి ఆల్కహాల్‌లో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపి, దుమ్ము పడకుండా మూసి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఆల్కహాల్ ఎగిరిపోయి గ్లిజరిన్ మిగులుతుంది. కీటకాలకు గుచ్చే సన్నని పిన్నుల్ని అగ్గిపుల్లకు అంటించుకుంటే సూదులు సిద్ధం, ఇన్సులిన్ సూది కూడా పనికొస్తుంది. ఒక సూదితో జీవిని నొక్కి పట్టుకుని, రెండోదానితో వెనక నుంచి ముందుకు, అంటే ఐదో కాళ్లతో మొదలుపెట్టి ఒక్కో జతా విడదీయాలి. ఒక్కో జతకు ఒక్కో చిన్న చుక్క. కవర్‌స్లిప్ మూలల కింద పగిలిన గాజు ముక్కలు పెట్టకపోతే కాలు నలిగిపోతుంది. నలగకపోయినా ఒక పక్కకు వాలుతుంది, వాలిన కాలి ముల్లు పొట్టిగా, వంకరగా కనబడుతుంది. ఇట్లాంటి వంకర ముల్లు చూసే ‘కొత్త జాతి’ అని సంబరపడేవాళ్లు ఉన్నారు. ఇంకో మగదాన్ని కోసి, అదే కోణంలో పెట్టి చూసి గానీ మాట్లాడొద్దు. అంచులు గోళ్ల రంగుతో మూసేయండి.

బొమ్మ కెమెరా లూసిడాతో (మైక్రోస్కోపులో కనబడేదాన్ని కాగితం మీద చూపించి గీయనిచ్చే పరికరం), 100 రెట్ల ఆయిల్ లెన్స్ కింద గీయాలి. ఫొటో దీనికి ప్రత్యామ్నాయం కాదు. తర్వాత ఆ ప్రజాతిలో (జీనస్‌లో) ఇంతకుముందు వర్ణించిన ప్రతి జాతితోనూ పోల్చాలి. మన దేశపు జాతుల పాత వర్ణనల్లో కీఫర్, బ్రెమ్ అనే శాస్త్రవేత్తలు జర్మన్‌లో రాసినవి ఉన్నాయి, అవీ తెప్పించుకోవాల్సిందే. నన్నడిగితే అసలు కష్టం పట్టడం కాదు, ఇది.

ఒక మాట. చెరువుల డయాప్టమిడ్లను చాలాకాలంగా చూస్తున్నారు. మన పెన్నా, గుండ్లకమ్మ, పాలేరు ఇసుకలో చెలమ తీసి చూడండి. నీటి అంచుకు ఒకటి రెండు మీటర్ల దూరంలో, మనవాళ్లు తాగునీటికి తీసినట్టే తవ్వి, ఊరిన నీటిని చెంబుతో 60 మైక్రాన్ల వలలో పోయండి. మొదట ఊరిన నీటినీ పారబోయొద్దు. ఇసుకను బకెట్లో కలియబెట్టి పై తేట అయిదారుసార్లు వంచండి. కడిగే నీరు ముందే వడగట్టింది కాకపోతే పైనీటి జీవులు కలిసిపోయి లెక్క తప్పుతుంది. నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి గారు పారాస్టెనోకారిస్, హాబ్రోబాతినెల్లా లాంటి ప్రజాతుల్లో కళ్లులేని, రంగులేని కొత్త జాతుల్ని వర్ణించింది ఇట్లాంటి భూగర్భ జలాల నుంచే. అర మిల్లీమీటరు దారప్పోగుల్లా ఉంటాయి, పెద్ద కన్నుల వలలో ఆగవు. ఉప్పు మళ్లలో ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య) కనబడితే మాత్రం ఎగిరి గంతేయొద్దు, హేచరీలకు డబ్బాల్లో వచ్చే అమెరికా జాతి గుడ్లు అక్కడికీ చేరతాయి.

పులికాట్, నేలపట్టు అభయారణ్యాల్లో నీళ్లు తీయాలంటే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. జీవవైవిధ్య చట్టం 2002, 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి నమూనాలను గుర్తింపు పొందిన సంస్థకు ఇవ్వాలి, జంతువులకైతే కలకత్తాలోని జువలాజికల్ సర్వే ఉంది. అక్కడిచ్చిన రిజిస్టర్ నంబరు కొత్త జాతిని ప్రకటించే వ్యాసంలో ఉండాలి, హోలోటైప్ (పేరుకు ఆధారమైన ఒకే ఒక్క నమూనా) ఏదో విడిగా చెప్పాలి. ఆన్‌లైన్ పత్రికైతే జూబ్యాంక్ (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు నంబరు కూడా అందులోనే ఉండాలి, లేకుంటే ఆ పేరు చెల్లదు. పేరు ఊరిదైతే చివర ‘ఎన్సిస్’, మగవారి పేరైతే ‘ఐ’, ఆడవారి పేరైతే ‘ఏ’ (ae). సొంత పేరు పెట్టుకోవద్దు, నవ్వుతారు.

ఇప్పటికైతే ఆ సీసాలో కుడి మీసం ఉబ్బినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయండి.