పై వాటా వాళ్ళకీ వైఫై పాస్‌వర్డ్ తెలుసు, మరి మన షేర్డ్ ఫోల్డర్ సంగతేంటి?

ప్రశ్న: సర్, మాది తెనాలి. ఇంటి నుంచే జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్స్ పని చేస్తాను. డెస్క్‌టాప్ డి డ్రైవ్‌లో క్లయింట్ల ఫోల్డర్ షేర్ చేసి పెట్టుకున్నాను, హాల్లో ల్యాప్‌టాప్ నుంచి మా చెల్లి ఎంట్రీలు వేస్తుంది. మొదట్లో పాస్‌వర్డ్ అడిగేది, నా పిన్ కొడితే తీసుకునేది కాదు, యూట్యూబ్‌లో చూసి అసలు పాస్‌వర్డే అడగకుండా ఆఫ్ చేశాను. ఈమధ్య పై వాటాలో అద్దెకి దిగినవాళ్ళకి మా వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాం. వాళ్ళబ్బాయి మొన్న "ఆంటీ, మీ కంప్యూటర్ నా ల్యాప్‌టాప్‌లో కనపడుతోంది" అన్నాడు. అప్పట్నుంచి భయంగా ఉంది. ఇచ్చిన వైఫై తీసేయాలంటే మొహమాటం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ అబ్బాయికి థ్యాంక్స్ చెప్పండి, చూసి ఊరుకోకుండా వచ్చి చెప్పాడు. మీ భయం నిజమైనదే. మీరు ఆఫ్ చేసిన ఆ సెట్టింగ్ పేరు పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్, అది ఆఫ్‌లో ఉండి ఫోల్డర్ ఎవ్రీవన్ అనే పేరుకి షేర్ అయి ఉంటే, మీ వైఫైలో ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా, ఏ ఫోన్ అయినా పేరూ ఊరూ చెప్పకుండా గెస్ట్‌గా లోపలికి వచ్చేయొచ్చు. రీడ్ పర్మిషన్ మాత్రమే ఉన్నా మీ క్లయింట్ల పాన్‌లు, ఆధార్ కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ కాపీ చేసుకోవచ్చు, మీ చెల్లి ఎంట్రీలు వేస్తోంది అంటే రైట్ కూడా ఇచ్చేసి ఉంటారు కాబట్టి డిలీట్ కూడా చేసేయొచ్చు. పై వాటా వాళ్ళు మంచివాళ్ళే అనుకుందాం, వాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఏదైనా రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, దూరితే అది నెట్‌వర్క్‌లో రాయడానికి వీలున్న ప్రతి షేర్డ్ ఫోల్డర్‌నీ వెతుక్కుని తాళం వేసేస్తుంది, ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండక్కర్లేదు.

అసలు గొడవంతా ఆ పిన్ దగ్గర మొదలైంది. విండోస్‌లో మనం రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం, నెట్‌వర్క్ మీద అది పనిచేయదు. వేరే ల్యాప్‌టాప్ నుంచి షేర్ ఓపెన్ చేసేటప్పుడు అడిగేది అకౌంట్ అసలు పాస్‌వర్డ్. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఆ ఈమెయిల్, దాని పాస్‌వర్డ్. అది చాలామందికి గుర్తుండదు, ఎప్పుడో కంప్యూటర్ కొన్నప్పుడు షాపులో పెట్టిందయ్యుంటుంది. ఇక అసలు పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్ అయితే నెట్‌వర్క్ మీద నుంచి లాగిన్ అవ్వడానికి విండోస్ ఒప్పుకోదు, అది దాని డీఫాల్ట్ రూలు. దీంతో జనం విసిగిపోయి వీడియోలో చెప్పినట్టు పాస్‌వర్డ్ షేరింగే ఆపేస్తారు. ఆ వీడియోలు చేసేవాళ్ళు "ఇలా చేస్తే మీ వైఫైలో ఉన్న అందరికీ ఫోల్డర్ తెరుచుకుంటుంది" అని ఒక్క మాట చెప్తే ఎంత బాగుండేది, చూస్తుంటే బాధేస్తుంది.

సరైన దారి ఏంటంటే, షేరింగ్ కోసమే ఒక అకౌంట్ పెట్టడం. డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్ళి యాడ్ అకౌంట్ నొక్కండి, ఈమెయిల్ అడుగుతుంది, కింద ఈ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవు అనే లింకు, తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చే లింకు నొక్కితే మామూలు లోకల్ అకౌంట్ పెట్టుకోవచ్చు. ఎంట్రీ అనో ఆఫీస్ అనో చిన్న పేరు పెట్టండి, పాస్‌వర్డ్ మాత్రం పొడుగ్గా పెట్టండి, ఫోన్ నంబరు వద్దు. దీన్ని అడ్మిన్ చేయొద్దు, స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి.

ఇప్పుడు క్లయింట్ల ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్. అక్కడ ఎవ్రీవన్ అని కనపడుతుంది, దాన్ని రిమూవ్ చేసి కొత్త అకౌంట్ పేరు యాడ్ చేసి చేంజ్, రీడ్ రెండూ టిక్ పెట్టండి, ఫుల్ కంట్రోల్ అక్కర్లేదు. పక్కనే సెక్యూరిటీ ట్యాబ్ ఉంటుంది, అదీ చూడండి, విండోస్ ఈ రెండు చోట్లా ఉన్న పర్మిషన్లలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. డి డ్రైవ్‌లో మామూలుగా లాగిన్ అయిన ఏ యూజర్ అయినా మార్పులు చేసేలా సెక్యూరిటీ ట్యాబ్‌లో వదులుగా ఉంటుంది కాబట్టి మీకు షేర్ పర్మిషన్ దగ్గర గట్టిగా ఉండటం ముఖ్యం. పాత సంవత్సరాల ఫైళ్ళు వేరే ఫోల్డర్‌లోకి మార్చి దానికి రీడ్ మాత్రమే ఇవ్వండి, 2 ఏళ్ళ కిందటి రిటర్న్‌ని మీ చెల్లి మార్చాల్సిన పని ఉండదు కదా.

ఆ తర్వాత సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌కి పోయి ఆల్ నెట్‌వర్క్స్ కింద పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్ చేయండి, పైన పబ్లిక్ ఫోల్డర్ షేరింగ్ ఆఫ్. హాల్లో ల్యాప్‌టాప్‌లో యూజర్‌నేమ్ అడిగినప్పుడు డెస్క్‌టాప్ పేరు, వెనక్కి వాలిన గీత (\), ఆ తర్వాత ఎంట్రీ అని కొట్టి రిమెంబర్ టిక్ పెడితే మీ చెల్లికి మళ్ళీ అడగదు. అంటే ఇన్నాళ్ళూ ఉన్న సౌకర్యం ఏమీ పోదు, మొదటిసారి ఒక్కసారి టైప్ చేయడమే పని. ల్యాప్‌టాప్ ఇంట్లో వేరేవాళ్ళు కూడా వాడతారంటే మాత్రం ఆ టిక్ పెట్టొద్దు.

ఇంకో పని, ఇది తప్పకుండా చేయండి. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి షేర్డ్ ఫోల్డర్స్‌లో షేర్స్ చూడండి. మనం ఎప్పుడో పెళ్ళి ఫొటోలు పంపడానికి షేర్ చేసి మర్చిపోయిన ఫోల్డర్లు అక్కడ బయటపడతాయి, వాటి మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ షేరింగ్. చివర్లో డాలర్ గుర్తుండి మీరు పెట్టనివి మాత్రం విండోస్ సొంతంగా పెట్టుకున్నవి, వాటిని కదపొద్దు. పక్కనే సెషన్స్ అని ఉంటుంది, ఈ నిమిషంలో మీ కంప్యూటర్‌కి ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో పేరుతో సహా కనపడుతుంది, మీ చెల్లి ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండాలి. కొంతమంది షేర్ పేరు చివర డాలర్ పెట్టి దాచేశాం అనుకుంటారు, లిస్టులో కనపడదంతే, పేరు తెలిసినవాడికి తెరుచుకుంటుంది.

ఇక పై వాటా సంగతి. వైఫై తీసేయక్కర్లేదు, వాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, అంటే ఇంటర్నెట్ వస్తుంది గానీ మీ కంప్యూటర్లు కనపడని వేరే వైఫై. రౌటర్ పేజీలో (బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగ్స్) గెస్ట్ వైఫై ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టండి, గెస్టులు లోకల్ నెట్‌వర్క్ చూడొచ్చా అని అడిగే చోట టిక్ తీసేయండి. తర్వాత మీ అసలు వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి, లేకపోతే పాతదే వాళ్ళ ఫోన్లలో ఉండిపోతుంది కాబట్టి చేసిందంతా వృథా. మొహమాటమైతే "కొత్త పాస్‌వర్డ్ పెట్టాం, ఇదిగో" అని గెస్ట్‌ది ఇవ్వండి చాలు, అబద్ధం కూడా కాదు. కొన్ని రౌటర్లలో రెండో వైఫై పేరు వస్తుంది గానీ వేరు చేయడం ఉండదు, అందుకని మీ ల్యాప్‌టాప్‌ని గెస్ట్‌కి కనెక్ట్ చేసి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన అడ్రస్ బార్‌లో \\ పెట్టి డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్ కొట్టి చూడండి, పాస్‌వర్డ్ బాక్స్ వచ్చినా సరే అది వేరు పడలేదనే అర్థం. పైన టీవీకి మీ రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగి ఉంటే మాత్రం ఆ కేబుల్‌కి గెస్ట్ వైఫై వర్తించదు, దాన్ని పీకేసి టీవీని కూడా గెస్ట్ వైఫైలో పెట్టమనండి.

రౌటర్ పేజీ తెరిచారు కాబట్టి మూడు విషయాలు అక్కడే చూసేయండి: అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే మార్చండి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 లేదా డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి, డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ చేసే పద్ధతి) ఆఫ్ చేయండి. ఆ డబ్ల్యూపీఎస్ పిన్ 8 అంకెలు కదా అనిపిస్తుంది గానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కతో వచ్చేది, అందుకని మొత్తం 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది.

చివరిగా ఒక మాట అడుగుతాను, క్లయింట్ల పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టారా? ఈ పని చేసేవాళ్ళలో చాలామంది అలాగే పెడతారు. అది షేర్‌లోంచి ఈరోజే తీసేయండి, ఎక్సెల్‌లో ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్‌లో ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ పెట్టండి, ఇన్నాళ్ళూ తెరిచి ఉంది కాబట్టి వీలు చూసుకుని ఆ పాస్‌వర్డ్‌లు కూడా మార్చండి. ఆ జనం మిమ్మల్ని నమ్మి ఇచ్చారు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లోనే ఉంది. షేర్ చేసిన ఫోల్డర్లు సేఫే కదా? (కరీంనగర్)

జవాబు: దీనికి అది సాయం చేయదండీ. బిట్‌లాకర్ అంటే డిస్క్ మొత్తానికి వేసే తాళం, అది ల్యాప్‌టాప్ దొంగతనం అయినప్పుడో, డిస్క్ ఊడదీసి వేరే దాంట్లో పెట్టినప్పుడో కాపాడుతుంది. మీరు లాగిన్ అయి వాడుతున్నంతసేపూ డిస్క్ తెరిచే ఉంటుంది, నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవాళ్ళకి ఫైళ్ళు మామూలుగానే కనపడతాయి. ఆన్‌లోనే ఉంచండి, షేర్ పర్మిషన్లు మాత్రం పైన చెప్పినట్టు సరిచేసుకోండి. హాస్టల్లో, కేఫ్‌లో, రైల్వే స్టేషన్‌లో వైఫైకి కనెక్ట్ అయినప్పుడు నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉందో లేదో చూడండి, ప్రైవేట్ అనేది ఇంటి వరకే.

ప్రశ్న: రౌటర్ యూఎస్‌బీకి హార్డ్‌డిస్క్ పెట్టి ఇంట్లో అందరం వాడేవాళ్ళం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఓపెన్ అవట్లేదు. ఎస్ఎంబీ1 ఆన్ చేయమని ఒకరు చెప్పారు, చేయొచ్చా? (హైదరాబాద్)

జవాబు: చేయొద్దు. ఎస్ఎంబీ1 అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి. 2017 మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఈ ఎస్ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే, మన ఆంధ్రప్రదేశ్ పోలీస్ శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. ఆ ఏడాది చివర్నుంచే కొత్తగా ఇన్‌స్టాల్ చేసే విండోస్‌లో ఎస్ఎంబీ1 లేకుండా ఇస్తున్నారు, దాన్ని మనమే వెతికి మళ్ళీ పెట్టుకోవడం ఎందుకు చెప్పండి. మీది విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్, ప్రో ఎడిషన్ అయితే పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లని కూడా అది డీఫాల్ట్‌గా ఆపేస్తుంది, మీ సమస్య అదే అయ్యుండొచ్చు. రౌటర్ పేజీలో యూఎస్‌బీ షేరింగ్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టే ఆప్షన్ ఉందేమో, కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్ సొంత సాఫ్ట్‌వేర్) వచ్చిందేమో చూడండి. రెండూ లేకపోతే ఆ హార్డ్‌డిస్క్‌ని ఇంట్లో ఎక్కువసేపు ఆన్‌లో ఉండే కంప్యూటర్‌కి తగిలించి అక్కడ్నుంచి షేర్ చేయండి, ఐఫోన్ వాళ్ళకి ఫైల్స్ యాప్‌లో కనెక్ట్ టు సర్వర్ ఉంది, ఆండ్రాయిడ్‌లో చాలా ఫైల్ మేనేజర్లు ఎస్ఎంబీ2 (ఎస్ఎంబీ1 తర్వాత వచ్చిన పద్ధతి) పట్టుకుంటాయి. బయటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో 445 పోర్టు (ఫైల్ షేరింగ్ నడిచే దారి) ఫార్వార్డ్ చేయమని, అంటే ఇంటర్నెట్‌కి తెరవమని, ఎవరైనా చెప్తే అది కూడా చేయొద్దు. ఇంట్లో ఫొటోలన్నీ ఆ ఒక్క డిస్క్‌లోనే ఉంటే ఇంకో హార్డ్‌డిస్క్ కొని కాపీ తీసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టుకోండి.