పదకొండు కళ్ళు

కావలి,
ఆదివారం.

చిరంజీవికి ఆశీస్సులు.

చంద్రయాన్-2 మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా ‘అద్భుతం’, ‘గర్వకారణం’. ఎర్రసిరాతో కొట్టేశాను, ఏమనుకోకు. నీ వ్యాసం రెండో పేజీలో మొదలవుతోంది.

అక్కడొక వాక్యం: “క్లాస్ పరికరం ఎక్స్-కిరణాలు పంపి చంద్రుడి మట్టిని పరీక్షిస్తుంది.” క్రియ తప్పు, నాయనా. అది ఏమీ పంపదు, కాచుకుని ఉంటుంది. కిరణాలు సూర్యుడివి. అవి నేలను తాకగానే మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ పరమాణువులు దేనికదే తనదైన శక్తితో ఎక్స్-కిరణాలను వదులుతాయి. ఆ శక్తిని బట్టే క్లాస్ మూలకాన్ని పోల్చుకుంటుంది. సూర్యుడు నెమ్మదిగా ఉన్న రోజున బరువైన మూలకాలు పలకవు. కాల్షియం, టైటానియం, ఇనుము జాడ దొరకాలంటే సౌరజ్వాల ఎగయాలి. అందుకే చంద్రుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్‌లో ఎక్స్‌ఎస్‌ఎమ్ అని మరొకటి పెట్టారు. దాని చూపంతా సూర్యుడి మీదే, ఎంత వచ్చిపడుతోందో లెక్క రాయటానికి. అసలు ఎంతో తెలియకపోతే వడ్డీ ఎలా కడతాం? దానికి నువ్వు సగం వాక్యం కూడా ఇవ్వలేదు. నాకైతే కథంతా ఆ రెండింటి మధ్యే ఉంది.

ఇక ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా. ‘25 సెంటీమీటర్ల స్పష్టత’ అని రాసి ఊరుకున్నావు. ఒంగోలు వాడివి కదా, గిత్తను తెచ్చి చంద్రుడి మీద నిలబెట్టు. ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద పాతిక సెంటీమీటర్లు కనుక, 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి తల మొదలు తోక దాకా ఎనిమిదో తొమ్మిదో చుక్కలు పడతాయి, అంతే. క్లాస్‌కు ఒక్కో చుక్క పన్నెండున్నర కిలోమీటర్లు!

నేనూ తక్కువ తినలేదులే. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1 ఎగిరినప్పుడు, శ్రీహరికోట ఇంకా మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న రోజులవి, అందులోని పదకొండు పరికరాలను చూసి ‘పదకొండు కళ్ళు’ అని నా వ్యాసానికి ఆర్భాటంగా శీర్షిక పెట్టాను. చీమకుర్తి క్వారీలో పనిచేసే ఒకాయన కార్డు రాశాడు: “అయ్యా, వాటిలో ఒకటి లేజరు కొట్టి, తిరిగొచ్చిన సమయంతో ఎత్తు కొలుస్తుందట, ఇంకొకటి నేల మీద పడటానికే వెళ్ళిందట. అవి కళ్ళెలా అవుతాయి?” నవంబరు 14న ఆ రెండోది పడనే పడింది. నా శీర్షికా దాంతోపాటే పడింది. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది.

చివర్లో మిగతా ఐదు పరికరాలను వరసగా పేర్చావే, ఆ పేరా తీసెయ్. తిరగరాసి పోస్టులోనే పంపు. ఫోనులో అక్షరాలు నా కళ్ళకు ఆనవు.