నీటి మోటారు కంట్రోలర్‌ను పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు)గా చేయించి, పార్ట్స్ కూడా తయారీ సంస్థతోనే అమర్చించుకోవడం ఎలా?

గుణుపురం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ మాడ్యూల్‌తో ట్యాంకులో నీటిమట్టం చూసి మోటారును ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చి పరీక్షించే పలక) మీద బాగానే పని చేస్తోంది, కైక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లేఅవుట్ కూడా పూర్తయింది, ఇప్పుడు దానిని బోర్డుగా తయారు చేయించి పార్ట్స్ కూడా కంపెనీ వారితోనే అమర్చించుకోవాలంటే ఏమేమి పంపాలి, ఎంతవరకు వారికి అప్పగించాలి? నేను రాయగడలో ఇలాంటి కంట్రోలర్ బోర్డులను కొద్ది సంఖ్యలో చేయించుకుంటూ ఉంటాను కాబట్టి ఆ అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

ముందుగా గ్రహించవలసినది, తయారీ సంస్థ మీ సర్క్యూట్ సరైనదా కాదా అని చూడదు. గీతల మధ్య దూరం, రంధ్రాల పరిమాణం తమ యంత్రాలకు సరిపోతాయా అన్నంతవరకే వారు పరిశీలిస్తారు. దర్జీ ఇచ్చిన కొలతకే కుట్టినట్లు, మీరు పంపిన ఫైళ్లలో ఏది ఉంటే అదే బోర్డుగా వస్తుంది. ఖాళీ బోర్డుకు గెర్బర్ ఫైళ్లు (బోర్డు ఒక్కో పొర బొమ్మ), డ్రిల్ ఫైలు (రంధ్రాల స్థానాలు) కలిపి ఒకే జిప్‌గా పంపాలి. అందులో బోర్డు అంచును చూపే ఎడ్జ్ కట్స్ పొర తప్పక ఉండాలి. అసెంబ్లీకి, అంటే పార్ట్స్ అమర్చడానికి, మరో రెండు ఫైళ్లు కావాలి. ఒకటి బీఓఎం, అంటే ఏ పార్ట్ ఏది, ఎన్ని అన్న పట్టిక. రెండవది ప్రతి పార్ట్ బోర్డుపై ఎక్కడ, ఏ వైపు, ఎంత కోణంలో కూర్చోవాలో చెప్పే పొజిషన్ ఫైలు. బీఓఎంలో ‘10కె రెసిస్టర్’ అని రాసి ఊరుకుంటే చాలదు. 0603 సైజా, 0805 సైజా అన్నదీ, తయారీదారు పార్ట్ నంబరూ ఉండాలి.

సమయం ఎక్కువగా వెచ్చించవలసినది ఫుట్‌ప్రింట్ల మీద, అంటే ప్రతి పార్ట్ కాళ్లు కూర్చునే రాగి గుర్తుల మీద. మీ బోర్డులో 5 వోల్టులను 3.3 వోల్టులకు తగ్గించడానికి ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటుందనుకుంటాను. దాని ఎస్‌ఓటీ-223 రూపంలో ఒక వైపు మూడు కాళ్లు, ఎదుటి వైపు ఒక వెడల్పాటి పలక ఉంటాయి. ఒకటో కాలు గ్రౌండు, రెండోది అవుట్‌పుట్, మూడోది ఇన్‌పుట్. వెడల్పాటి పలక లోపల రెండో కాలితోనే కలిసి ఉంటుంది. వేడి పోయే పలక కదా అని దానిని గ్రౌండు రాగికి కలిపితే 3.3 వోల్టుల లైను నేరుగా షార్ట్ అవుతుంది. ట్రాన్సిస్టరు సంగతీ ఇంతే. బ్రెడ్‌బోర్డుపై బీసీ547 వాడి ఉంటే దాని చిప్ రూపం (రంధ్రాలు లేకుండా బోర్డు పైనే అతికేది) బీసీ847. ఇందులో ఒకటో కాలు బేస్, రెండోది ఎమిటర్, మూడోది కలెక్టర్. కైక్యాడ్‌లోని సాధారణ ఎన్‌పీఎన్ గుర్తుల్లో కాళ్ల వరుస రకరకాలుగా ఉంటుంది గనుక డేటాషీట్ పక్కన పెట్టుకుని ఒక్కో కాలినీ సరిపోల్చుకోవడం తప్ప వేరే దారి లేదు.

రిలే, టెర్మినల్ బ్లాకుల వంటి పెద్ద పార్ట్స్ విషయంలో నేను లేఅవుట్‌ను పీడీఎఫ్‌గా చేసి జిరాక్స్ షాపులో అసలు పరిమాణంలోనే ప్రింట్ తీయిస్తాను. ‘ఫిట్ టు పేజ్’ టిక్కు తీసేయమని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే కాగితానికి సరిపడేలా బొమ్మ కుదించుకుపోతుంది, అందుకే బోర్డు అంచును స్కేలుతో కొలిచి చూసిన తరువాతే ఆ కాగితాన్ని నమ్ముతాను. దానిని థర్మాకోల్ ముక్కపై పరచి పార్ట్ కాళ్లను గుచ్చితే రంధ్రాలు కలుస్తున్నాయో లేదో, రెండు పార్ట్స్ ఒకదానినొకటి తాకుతున్నాయో ఇట్టే తేలిపోతుంది.

బోర్డు వివరాలకు పెద్దగా ఆలోచించనక్కర లేదు: రెండు పొరల ఎఫ్‌ఆర్-4 (గాజునార పలక), 1.6 మిల్లీమీటర్ల మందం, ఒక ఔన్సు రాగి (రాగి పొర మందానికి కొలత), ఆకుపచ్చ మాస్క్ (పై రక్షణ పూత), సోల్డర్ అంటే చోట్ల సీసం లేని హాసల్ పూత చాలు. పొడవు, వెడల్పు రెండూ 100 మిల్లీమీటర్లకు లోపల ఉంటే చాలా సంస్థల్లో తక్కువ ధర పడుతుంది. ఈఎస్‌పీ32 మాడ్యూల్ యాంటెన్నా కొస బోర్డు అంచుకు రావాలి, దాని కింద ఏ పొరలోనూ రాగి ఉండకూడదు.

ఎంతవరకు అప్పగించాలన్నదానికి నా సలహా ఇది: చిప్ పార్ట్స్ అన్నీ వారికి ఇవ్వండి, రిలే, టెర్మినల్ బ్లాకులు, కనెక్టర్లు మీరే సోల్డర్ చేసుకోండి. కాళ్లు రంధ్రాల్లోకి దిగే పార్ట్స్‌కు వారు తరచు వేరే ఛార్జీ వేస్తారు, మనకేమో అవి ఐదు నిమిషాల పని. పార్ట్స్‌ను వారి స్టాక్ జాబితా నుంచే ఎంచుకోండి. అరుదైన ప్రతి రకానికీ యంత్రంలో రీలు (పార్ట్స్ చుట్ట) ఎక్కించే ఛార్జీ విడిగా పడవచ్చు కాబట్టి రెసిస్టర్లలో 4.7కె, 5.1కె అని రెండు రకాలు పెట్టే చోట ఒక్కదానితో సరిపెట్టుకోవడం లాభం. ఐదు బోర్డులు చేసి రెండింటికే పార్ట్స్ అమర్చే వీలు కొన్ని సంస్థల్లో ఉంది. మొదటి ఆర్డరుకు అదే మేలు. ఆర్డరు ఖరారు చేసే ముందు వారు చూపే బొమ్మలో ప్రతి ఐసీ ఒకటో కాలి చుక్కనూ, డయోడు గీతనూ, ఎల్‌ఈడీ దిశనూ చూసుకోండి. కైక్యాడ్ కోణం, వారి కోణం ఒకటి కాకపోవడం వల్ల పార్ట్ 90 లేక 180 డిగ్రీలు తిరిగి కనిపించడం మామూలే, దానిని అక్కడే సరిదిద్దవచ్చు.

మోటారు కరెంటును మాత్రం బోర్డు మీదుగా పోనివ్వకండి. ఒక ఔన్సు రాగిలో ఒక మిల్లీమీటరు వెడల్పు గీత 10 డిగ్రీల వేడి పెరుగుదలకు 2 ఆంపియర్లకు కాస్త పైన మాత్రమే మోస్తుంది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు స్టార్టింగులో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. బోర్డు మీది రిలే, కాంటాక్టర్ (పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే విడి స్విచ్) కాయిల్‌కు కరెంటు ఇస్తే చాలు, మోటారును కాంటాక్టర్ చూసుకుంటుంది. 230 వోల్టుల గీతలకూ తక్కువ వోల్టేజి భాగానికీ మధ్య 6 మిల్లీమీటర్లకు తక్కువ ఖాళీ నేను ఉంచను.

ఎవరికి ఇవ్వాలంటే, చైనాలో జేఎల్‌సీపీసీబీ, పీసీబీవే, మన దేశంలో గాంధీనగర్‌లోని పీసీబీ పవర్, బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్ వంటివి ఉన్నాయి. విదేశం నుంచి తెప్పిస్తే బోర్డు ధరను చూసి మురిసిపోకుండా రవాణా, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్‌టీ, కొరియర్ వారి సొంత ఛార్జీ కలిపి లెక్క వేయండి. కొరియర్ వారు కేవైసీకి ఆధార్ లేదా పాన్ అడుగుతారు. మనవాళ్లు ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసి సంతకం పెట్టడం అలవాటు. ఆర్డరులో పేరు ఆ పత్రంలో ఉన్నట్లే పూర్తిగా రాయకపోతే పార్శిల్ ఆగే వీలుంది. పార్వతీపురంలో బంధువుల చిరునామా ఇచ్చినా పేరు విషయంలో ఇదే వర్తిస్తుంది.

బోర్డులు చేతికి రాగానే కరెంటు ఇవ్వకండి. మల్టీమీటరుతో 3.3 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య షార్ట్ ఉందేమో చూసి, తరువాత మెయిన్స్ తగిలించకుండా 5 వోల్టులే ఇచ్చి రెగ్యులేటరు అవుట్‌పుట్ కొలవండి. అది 3.3 చూపిస్తే ప్రోగ్రాం ఎక్కించి రిలే టిక్కుమంటోందో లేదో విని, అప్పుడు కాంటాక్టర్ వైరు కలపండి.