సమాధానం: మూట్ కోర్టు మెమోల్లో అసలు ఉనికిలోనే లేని తీర్పులు

మూట్ కోర్టు (లా విద్యార్థుల నమూనా కోర్టు) కోసం రాసే మెమోల్లో, అంటే రాతపూర్వక వాదనల్లో, చాట్‌జీపీటీ కల్పించిన కేసులు వస్తున్నాయి, ఏం చేయాలని అడిగారు. సరిచూడమన్నా మీ విద్యార్థుల మెమోల్లో అసలు ఉనికిలోనే లేని కేసులు వస్తున్నాయంటే, వాళ్లు బహుశా చాట్‌జీపీటీనే మళ్లీ అడిగి సరిచూస్తున్నారు. న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో న్యాయవాది చేసిందీ అదే. తాను కోర్టుకు చూపిన కేసు నిజమేనా అని అడిగితే చాట్‌జీపీటీ నిజమేనంది. ఆ కల్పిత కేసుల వల్ల 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా పడింది.

1. ఆ జరిమానా ఉత్తర్వును మొదటి వారమే చదివించండి.

2. సుప్రీంకోర్టు తీర్పులను ఈ-ఎస్‌సీఆర్‌లో (ఆ కోర్టు తీర్పుల అధికారిక ఆన్‌లైన్ సంకలనంలో) తెరిపించండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: కేసు పేరు దొరకగానే ఆగిపోతారు. పేరు నిజమే కావచ్చు, అంటగట్టిన మాట అందులో ఉండకపోవచ్చు. శ్రేయా సింఘాల్ తీర్పు (2015) ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏను (ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలకు శిక్ష) కొట్టివేసింది, సెక్షన్ 69ఏను (ఆన్‌లైన్ సమాచారాన్ని నిలిపివేసే ప్రభుత్వ అధికారం) నిలబెట్టింది. రెండూ కొట్టేశారని రాసిన మెమోలో పేరు సరిగ్గానే ఉంటుంది! అందుకే పేరా నంబరు వేయించి, ఆ పేరాను సొంత మాటల్లో రాయించండి.

పేరా నంబరు లేని ఆధారానికి మార్కులు ఇవ్వకండి.